చివరి అక్షరం చూడండి: లాటిన్ నేర్చుకుంటున్నవారి ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లాటిన్ మొదలుపెట్టి విభక్తుల దగ్గర ఆగిపోయినవాళ్లవి. లా చదివేవాళ్లు, బోటనీ చెప్పేవాళ్లు, సెమినరీలో ఉన్నవాళ్లు, అమెరికాలో పిల్లల హోంవర్క్ చూస్తున్న అమ్మలు, అందరి చేతిలోనూ ఉన్నది ఇంగ్లీషులో రాసిన పుస్తకమే. ఆ పుస్తకాలు ఇంగ్లీషు ఒక్కటే తెలిసిన పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. అందుకని తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన సంగతిని పది పేజీలు వివరిస్తాయి, తెలుగువాళ్లు నిజంగా తడబడే చోట మాత్రం ఒక్క ముక్కా చెప్పవు. ఈ జవాబులన్నీ తెలుగు వైపు నుంచి చెప్తున్నాను. లాటిన్ మాటల్ని తెలుగు లిపిలో, ప్రాచీన రోమన్ల ఉచ్చారణ ప్రకారం రాశాను.

ప్ర: మేడం, స్కూల్లో తెలుగు మాస్టారు భాషాభాగాలు ఐదు అని చెప్పారు. ఇంగ్లీషులో ఎనిమిది. నా లాటిన్ పుస్తకంలోనూ ఎనిమిదే ఉన్నాయి గానీ, ఇంకో పాత పుస్తకం చూస్తే అందులోని ఎనిమిదీ వేరే ఎనిమిది, విశేషణం అసలు లేనే లేదు. దేన్ని పట్టుకోవాలి?
(డిగ్రీ విద్యార్థి, విజయవాడ)

జ: మీరు చూసిన పాత పుస్తకం తప్పు కాదు. రోమన్లు తమ భాషను అలాగే విభజించుకున్నారు. 4వ శతాబ్దంలో రోమ్‌లో దొనాతుస్ అనే వ్యాకరణ పండితుడు ఉండేవాడు, బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ ఆయన శిష్యుడే. పిల్లల కోసం ఆయన రాసిన చిన్న వ్యాకరణం మొత్తం ప్రశ్న, జవాబు రూపంలోనే సాగుతుంది, యూరప్‌లో వెయ్యేళ్లకు పైగా పిల్లలు దాంతోనే లాటిన్ మొదలుపెట్టారు. అందులోని ఎనిమిది ఇవి: నామవాచకం, సర్వనామం, క్రియ, క్రియావిశేషణం, పార్టిసిపుల్, సముచ్చయం, ప్రిపొజిషన్, ఆశ్చర్యార్థకం. విశేషణం అందులో ఎందుకు లేదంటే, లాటిన్‌లో విశేషణానికీ నామవాచకంలాగే లింగం, వచనం, విభక్తి ఉంటాయి కాబట్టి దాన్ని నామవాచకంలోనే ఒక రకంగా లెక్కపెట్టారు. గ్రీకు వ్యాకరణాల్లోనూ సంఖ్య ఎనిమిదే. గ్రీకులో ఆర్టికల్ ఉంది, లాటిన్‌లో లేదు, కాబట్టి దాన్ని తీసేసి ఆశ్చర్యార్థకాన్ని విడిగా చేర్చారు.

ఇక మీకు పనికొచ్చే విభజన ఏదంటే, నా అభిప్రాయంలో మన తెలుగు మాస్టారు చెప్పిన ఐదే. నామవాచకం, సర్వనామం, విశేషణం: ఈ మూడూ లాటిన్‌లో విభక్తిని బట్టి మారతాయి. క్రియ పురుషను, కాలాన్ని బట్టి మారుతుంది. అవ్యయం ఏ పరిస్థితిలోనూ మారదు. ఇంగ్లీషు పుస్తకం విడివిడిగా చెప్పే క్రియావిశేషణం, సముచ్చయం, ప్రిపొజిషన్, ఆశ్చర్యార్థకం నాలుగూ అవ్యయాలే. పార్టిసిపుల్ ఒక్కటే కొంచెం ప్రత్యేకం, మన ‘చదివే’, ‘రాసిన’ లాంటి క్రియాజన్య విశేషణం అది, పుట్టుక క్రియ నుంచి, నడక విశేషణంలా. లాటిన్ వాక్యం కనపడగానే ముందు ఏ మాట మారే రకం, ఏ మాట మారని రకం అని విడదీయండి. అర్థం కోసం డిక్షనరీ తీయడం ఆ తర్వాత.

ప్ర: ఆరు కేసులు, ఐదు డిక్లెన్షన్లు, ఏకవచనం, బహువచనం... పట్టికలు చూస్తేనే టెన్షన్ వస్తోంది. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట నేర్చుకుంటున్నాను. ఇవన్నీ బట్టీ పట్టాల్సిందేనా? మన విభక్తులతో ఏమైనా సంబంధం ఉందా?
(ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్)

జ: కేసు అంటే విభక్తే. డిక్లెన్షన్ అంటే విభక్తుల్లో ఒకే తీరుగా మారే మాటల గుంపు. ‘తోడేలు గొర్రెపిల్లను చూస్తోంది’, ‘గొర్రెపిల్లను తోడేలు చూస్తోంది’, ఈ రెండు వాక్యాల్లో ఎవరు ఎవర్ని చూస్తున్నారో మీరు ఒక్క క్షణం కూడా ఆలోచించరు, ఎందుకంటే ‘ను’ ఎక్కడుందో అదే చెప్తుంది. లాటిన్ కూడా అంతే. ‘లుపుస్ అగ్నుం విదెత్’ అన్నా ‘అగ్నుం లుపుస్ విదెత్’ అన్నా చూసేది తోడేలే. ‘అగ్నుస్ లుపుం విదెత్’ అంటేనే కథ తిరగబడుతుంది. ఇంగ్లీషువాడికి ఇది కొత్త, మాటను జరిపితే అర్థం మారిపోయే భాష అతనిది. మీకు కొత్త కాదు.

తోడేలు అనే మాట ఏకవచనం మొత్తం ఇది: లుపుస్ (తోడేలు), లుపీ (తోడేలు యొక్క), లుపో (తోడేలుకు), లుపుం (తోడేలును), లుపో (తోడేలు వల్ల, తోడేలుతో), లుపె (ఓ తోడేలా). వరుసగా వీటిని నామినేటివ్ (ప్రథమ), జెనిటివ్ (షష్ఠి), డేటివ్, అక్యూజటివ్ (ద్వితీయ), అబ్లేటివ్, వొకేటివ్ అంటారు. ఏడోది లొకేటివ్ అని ఒకటుండేది, అది ఊళ్ల పేర్లలోనూ ‘దొమీ’ అంటే ఇంట్లో, ‘రూరీ’ అంటే పల్లెలో లాంటి కొన్ని మాటల్లోనూ మాత్రమే మిగిలింది.

ఇంతవరకూ హాయిగానే ఉంది. ఇప్పుడు తెలుగువాళ్లు జారిపోయే చోట్లు చెప్తాను, ఇవి ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ దొరకవు.

మొదటిది ద్వితీయా విభక్తి. మనం ‘రాముణ్ణి చూశాను’ అంటాం గానీ ‘పుస్తకం చదివాను’ అంటాం. ప్రాణం లేనివాటికి ‘ని, ను’ పెట్టకపోయినా మనకు నడుస్తుంది, నిజానికి పెట్టకపోతేనే సహజంగా ఉంటుంది. లాటిన్‌లో అలా కుదరదు. పుస్తకం ‘లిబెర్’, కానీ పుస్తకం చదువుతున్నాను అంటే ‘లిబ్రుం లెగో’. రొట్టె అయినా రాయి అయినా కర్మ అయితే ద్వితీయ రావాల్సిందే. నేను చూసినంతలో తెలుగు పిల్లలు మొదటి నెలల్లో చేసే తప్పుల్లో ఎక్కువ ఇక్కడివే, మిగతా వ్యాకరణం అంతా తెలిసినవాళ్లు కూడా ఇక్కడ పడతారు.

రెండోది మన ‘కి, కు’. తెలుగు వ్యాకరణం దాన్ని షష్ఠిలో పెట్టింది, కానీ చేసే పని ఎక్కువసార్లు లాటిన్ డేటివ్ పని. ‘అమ్మాయికి ఇచ్చాడు’ అంటే డేటివ్. అయితే ‘రోమ్‌కి వెళ్తున్నాను’ అన్నప్పుడు మన నోట్లో వచ్చేది అదే ‘కి’ అయినా లాటిన్‌లో అది డేటివ్ కాదు, అక్యూజటివ్: ‘రోమం ఎఓ’. కాబట్టి ‘కి’ వినపడగానే ఆగి చూసుకోండి. ఇవ్వడం, చెప్పడం, నచ్చడం అయితే డేటివ్. కాళ్లతోనో బండి మీదో ఒక చోటికి చేరడం అయితే అక్యూజటివ్.

మూడోది అబ్లేటివ్. మన ‘చేత, తో’, ‘వల్ల, నుంచి’, ‘లో, అందు’ మూడు విభక్తుల పని లాటిన్‌లో ఈ ఒక్కదాని మీద పడింది. అందుకే దీని ముందు చాలాసార్లు ఒక చిన్న అవ్యయం నిలబడి అది ఏ అర్థమో చెప్తుంది. ఇది ఒక్కరోజులో రాదు, చదువుతూ ఉంటే వస్తుంది.

ఇక బట్టీ గురించి. మొదటి రెండు డిక్లెన్షన్లు పూర్తిగా నోటికి రావాలి, ఇందులో రాయితీ లేదు. మూడోది మొదలుపెట్టాక ‘రేక్స్’ అంటే రాజు, కానీ రాజు యొక్క అంటే ‘రేగిస్’ అని చూసి చాలామంది భయపడతారు. ‘ఇల్లు’ మనకు ‘ఇంటి’ అవ్వడం లేదా? ‘నోరు’ ‘నోటి’, ‘ఏరు’ ‘ఏటి’, ‘కాలు’ ‘కాలి’. వీటినే ఔపవిభక్తికాలు అని చదువుకున్నాం. ఇల్లులో అని ఎవరూ అనరు, ముందు ఇంటి అయ్యాకే తక్కిన ప్రత్యయం వస్తుంది. లాటిన్‌లోనూ మూడో డిక్లెన్షన్ మాటలకు షష్ఠి రూపంలో కనపడే అంగమే, అంటే ప్రత్యయం చేరే మొదటి భాగమే, అసలైనది: రేగిస్ నుంచి రేగెం, రేగీ, రేగె. దారి అనే ‘ఇతెర్’ ‘ఇతినెరిస్’ అవుతుంది, కాలం అనే ‘తెంపుస్’ ‘తెంపొరిస్’ అవుతుంది. లాటిన్ డిక్షనరీలో ప్రతి నామవాచకం పక్కనా షష్ఠి రూపం ఇచ్చేది ఇందుకే. మాటను ఎప్పుడూ ఒంటరిగా నేర్చుకోకండి, షష్ఠితో, లింగంతో కలిపి మూడూ ఒకేసారి నేర్చుకోండి.

ప్ర: తెలుగులోలాగా క్రియను చివర పెట్టి రాయొచ్చా?
(ఇంటర్ విద్యార్థిని, గుంటూరు)

జ: రాయొచ్చమ్మా. రోమన్లు గద్యంలో ఎక్కువగా అలాగే రాశారు, కర్త, కర్మ, చివర క్రియ. అయితే చదివేటప్పుడు మాత్రం అదే వరుస ఉంటుందని ఆశించకు. ఏ మాట మీద బలం పెట్టాలనుకుంటే దాన్ని ముందుకో చివరికో జరుపుతారు, కవులైతే విశేషణాన్ని ఒక కొసన, దాని నామవాచకాన్ని ఇంకో కొసన పెడతారు.

ప్ర: మా బాబు ఎనిమిదో తరగతి, స్కూల్లో లాటిన్ తీసుకున్నాడు. ‘పుఎల్లై’ అని కనపడితే చాలు, ఒకసారి అమ్మాయిలు అంటాడు, ఒకసారి అమ్మాయికి అంటాడు, సగం సార్లు తప్పు. టీచర్ సందర్భాన్ని బట్టి తెలుస్తుందని చెప్పారట. సందర్భం అంటే ఏం చూడాలి?
(గృహిణి, డాలస్)

జ: బాబు కష్టం న్యాయమైనదేనమ్మా. ‘పుఎల్ల’ అంటే అమ్మాయి. దాని ‘పుఎల్లై’ రూపం నాలుగు పనులు చేస్తుంది: అమ్మాయి యొక్క, అమ్మాయికి, అమ్మాయిలు, ఓ అమ్మాయిలారా. ఊహించి రాస్తే సగం తప్పులు రాక తప్పదు. చేయాల్సింది ఏమిటంటే, ముందుగా వాక్యంలో క్రియ దగ్గరికి వెళ్లాలి, దాని చివర ‘త్’ ఉందా ‘న్త్’ ఉందా చూడాలి. ‘త్’ అయితే కర్త ఏకవచనం, ‘న్త్’ అయితే బహువచనం.

‘పుఎల్లై నౌతం విదెంత్’ తీసుకోండి. విదెంత్, చూసేవాళ్లు ఎక్కువమంది. నౌతం అంటే నావికుణ్ణి, ద్వితీయ, అంటే అతను కర్త కాడు. మిగిలింది పుఎల్లై, కాబట్టి అమ్మాయిలు నావికుణ్ణి చూస్తున్నారు. ‘నౌత పుఎల్లై రొసం దత్’ తీసుకుంటే, దత్, ఇచ్చేది ఒక్కరే. నౌత ప్రథమలో ఉన్నాడు, ఇచ్చేది అతనే. రొసం ద్వితీయ, ఇస్తున్నది గులాబీ. ఇవ్వడం అనే క్రియ ఎవరికి అని అడుగుతుంది, ఆ ఖాళీలో పుఎల్లై కూర్చుంటుంది: నావికుడు అమ్మాయికి గులాబీ ఇస్తున్నాడు. ‘ఫీలియ నౌతై కంతత్’ అన్నప్పుడు కంతత్, పాడేది ఒక్కరే, అది ఫీలియ అంటే కూతురు. పాడడానికి ఎవరికి అనే అవసరం లేదు. నౌతై ఇంకో నామవాచకాన్ని ఆనుకుని ఉంది, కాబట్టి నావికుడి కూతురు పాడుతోంది.

క్రియ, తర్వాత ప్రథమ, తర్వాత ద్వితీయ, ఆ తర్వాతే అనుమానం ఉన్న మాట. పెన్సిల్‌తో ఈ వరుసలో గీతలు పెట్టమనండి. ఇంకో సంగతి, ఇంట్లో బాబుకు తెలుగు వస్తుంటే, లాటిన్ వాక్యాన్ని ఇంగ్లీషులోకి కాక ముందు తెలుగులోకి చెప్పించండి. అమ్మాయికి, అమ్మాయి, అమ్మాయిలు అని ప్రత్యయంతో సహా నోటితో అనాల్సి వచ్చినప్పుడు ఏ విభక్తో తేల్చుకోక తప్పదు.

ప్ర: రాజ్యాంగం పాఠంలో రిట్లు (కోర్టులు ఇచ్చే ఆజ్ఞలు) చదువుతున్నాం. హెబియస్ కార్పస్, మాండమస్, సెర్షియోరరీ, కో వారంటో. ఇవి నామవాచకాలా? వీటి అర్థాలు ఒక్కో గైడులో ఒక్కోలా ఉన్నాయి.
(లా విద్యార్థిని, వరంగల్)

జ: మంచి ప్రశ్న అడిగారు. 32వ, 226వ అధికరణాల్లో వరుసగా కనపడే ఈ పేర్లను ఇప్పుడు మనం నామవాచకాల్లా వాడుతున్నాం గానీ, లాటిన్‌లో ఇవి పాత ఆజ్ఞాపత్రాల వాక్యాల్లోంచి తెగి వచ్చిన ముక్కలు, అందుకే ఒక్కొక్కటి ఒక్కో వ్యాకరణ రూపంలో ఉంది.

‘మందాముస్’ పూర్తి క్రియ. చివరి ‘ముస్’ మన ‘ము’ లాంటిదే, ఉత్తమ పురుష బహువచనం: మేము ఆజ్ఞాపిస్తున్నాము. రాజు తనను తాను మేము అనుకునే కాలపు మాట.

‘హబెఆస్ కొర్పుస్’లో రెండు మాటలు. హబెఆస్ అంటే నువ్వు కలిగి ఉండాలి, మధ్యమ పురుష ఏకవచనం, సబ్జంక్టివ్, అంటే జరిగిన విషయం చెప్పడం కాదు, జరగాలని చెప్పడం. ఇక్కడ ‘నువ్వు’ ఎవరో గమనించండి, నిర్బంధంలో ఉన్న మనిషి కాదు, అతన్ని నిర్బంధించిన అధికారి. ‘నువ్వు ఆ మనిషిని శరీరంతో సహా కోర్టు ముందు ఉంచాలి’ అని ఆ అధికారికే చెప్పడం. కొర్పుస్ అంటే శరీరం, ఇక్కడ కర్మ. మరి చివర ‘ం’ ఎందుకు లేదంటారా, అది నపుంసక లింగం. లాటిన్ నపుంసక మాటలన్నిటికీ ప్రథమ, ద్వితీయ ఒకే రూపం, ఇందులో మినహాయింపు లేదు. మన ‘పుస్తకం చదివాను’కి లాటిన్‌లో దగ్గరగా వచ్చేది ఈ ఒక్క లింగమే.

‘కెర్తియోరారీ’ తుమున్నర్థకం, అదీ కర్మణి ప్రయోగంలో: తెలియజేయబడడం. ‘మాకు సంగతి తెలియజేయబడాలని కోరుతున్నాం’ అని కింది కోర్టు నుంచి రికార్డు తెప్పించుకునే పాత వాక్యంలోని మాట. ‘క్వో వర్రంతో’ అబ్లేటివ్, ‘ఏ అధికారంతో?’ అని అర్థం. క్వో ప్రశ్నార్థక విశేషణం, వర్రంతో నామవాచకం, రెండూ ఒకే విభక్తిలో ఉన్నాయి చూడండి. వర్రంతో ప్రాచీన రోమన్ల మాట కాదు, మధ్యయుగాల్లో లాటిన్‌లో చేరింది. మిగిలిన రిట్, ప్రొహిబిషన్, మాత్రం ఇంగ్లీషు రూపంలోనే ఉండిపోయింది.

గైడుల్లో అర్థాలు వేరువేరుగా ఉండడానికి కారణం, కొందరు మాటకు అర్థం ఇస్తారు, కొందరు రిట్ చేసే పనికి అర్థం ఇస్తారు. పరీక్షలో రెండూ రాయండి.

ప్ర: రావిచెట్టు ఫైకస్ రెలిజియోసా. ఫైకస్ చివర ‘అస్’ ఉంది కాబట్టి పుంలింగం, రెలిజియోసస్ అనాలి కదా? ఎర్రచందనం చూస్తే టెరోకార్పస్ శాంటలైనస్ అని చక్కగా కలిసింది. పిల్లలు అడిగితే జవాబు చెప్పలేకపోతున్నాను.
(బోటనీ అధ్యాపకుడు, తిరుపతి)

జ: తెలుగు విశేషణం మారదు: మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి చెట్లు. వాక్యం చివరికి వస్తే మాత్రం మంచివాడు, మంచిది, మంచివాళ్లు అని మారుతుంది. లాటిన్‌లో విశేషణం ఎక్కడున్నా మారాల్సిందే, లింగం, వచనం, విభక్తి మూడింటిలోనూ తన నామవాచకంతో కలవాలి. అయితే కలవాల్సింది లింగం, చివరి శబ్దం కాదు. రైతు అనే ‘అగ్రికొల’ చివర ‘అ’ ఉన్నా పుంలింగం, అందుకే మంచి రైతు ‘అగ్రికొల బొనుస్’. రోమన్లకు చెట్ల పేర్లు సాధారణంగా స్త్రీలింగం, చివర ఏమున్నా సరే. మేడి, రావి, మర్రి జాతికి పెట్టిన ‘ఫీకుస్’ అలాంటిది, దాన్ని బట్టే రెలిగియోస. చింతచెట్టును చూడండి, టామరిండస్ ఇండికా, అక్కడా అదే సంగతి.

ఎర్రచందనం పేరు కథ వేరు. అది గ్రీకు మాటలతో అతికించిన పేరు, రెండో సగమైన ‘కార్పోస్’ అంటే కాయ, గ్రీకులో పుంలింగం. ఆ లింగమే పేరు మొత్తానికి వచ్చింది, అందుకని శాంటలైనస్.

మర్రి ఫైకస్ బెంగాలెన్సిస్‌లో ‘ఎన్సిస్’ పుంలింగానికీ స్త్రీలింగానికీ ఒకటే, నపుంసకం అయితే ‘ఎన్సె’ అవుతుంది. ఉసిరి ఫిలాంథస్ ఎంబ్లికా అన్నప్పుడు ఎంబ్లికా అసలు విశేషణం కాదు, పక్కన నిలిపిన ఇంకో నామవాచకం, కాబట్టి లింగం కలవనక్కర్లేదు. ఇక మీ ఊరి కొండల మీదే ఉన్న సైకస్ బెడ్డోమీ సంగతి మీ పిల్లలకు తప్పక చెప్పండి. చివర ఉన్న ‘ఈ’ షష్ఠీ విభక్తి, ‘బెడ్డోమ్ యొక్క సైకస్’, మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెడ్డోమ్ పేరు మీద పెట్టినది. ఇలా ఒక్క శేషాచలం చెట్లతోనే విశేషణం, సామానాధికరణ్యం (నామవాచకం పక్కన ఇంకో నామవాచకం నిలపడం), షష్ఠి మూడూ క్లాసులో చూపించొచ్చు, చెట్టు కింద నిలబెట్టి చెప్తే ఇంకా మంచిది.

ప్ర: డాక్టర్లు రాసే బి.డి., టి.డి.ఎస్., ఏ.సి., పి.సి., హెచ్.ఎస్. లాటిన్ అని విన్నాను. వీటిలో వ్యాకరణం ఏమైనా ఉందా?
(మందుల షాపు ఉద్యోగి, కరీంనగర్)

జ: చాలా ఉంది. చీటీ పైన ఉండే ఆర్ఎక్స్ గుర్తు ‘రెకిపె’, తీసుకో అనే విధ్యర్థక క్రియ. ‘బిస్ దియే’ రోజుకు రెండుసార్లు. రోజు అనే ‘దియేస్’ ఇక్కడ అబ్లేటివ్‌లో దియే అయింది, లాటిన్‌లో ఎప్పుడు అనే ప్రశ్నకు జవాబు అబ్లేటివ్‌లోనే వస్తుంది. ‘హోరా సొమ్నీ’ నిద్ర వేళలో: హోరా అబ్లేటివ్, సొమ్నీ షష్ఠి. ‘అంతె కిబుం’ భోజనానికి ముందు, ‘పొస్త్ కిబుం’ భోజనం తర్వాత, రెండింటిలోనూ భోజనం అనే ‘కిబుస్’ ద్వితీయలోకి వెళ్లింది, ఎందుకంటే అంతె, పొస్త్ అనే అవ్యయాల తర్వాత ద్వితీయే రావాలి. ‘తెర్ దియే సూమెందుం’ రోజుకు మూడుసార్లు తీసుకోవలసినది, ‘వలసిన’ అనే అర్థమంతా ఆ ‘ఎందుం’లో ఉంది.

ప్ర: లాటిన్ ప్రిపొజిషన్లు మాట ముందు వస్తాయి, మనవి వెనక. ఇవి గుర్తుండే మార్గం?
(పోటీ పరీక్షల అభ్యర్థి, రాజమండ్రి)

జ: ఏ అవ్యయం తర్వాత ఏ విభక్తి వస్తుందో దాంతో కలిపే నేర్చుకోండి. అన్నిటికన్నా ముందు ‘ఇన్’ నేర్చుకోండి, మన లో, లోకి తేడా అందులో అచ్చంగా ఉంది. ‘ఇన్ వీల్లా’ అబ్లేటివ్, ఇంట్లో. ‘ఇన్ వీల్లం’ అక్యూజటివ్, ఇంట్లోకి. సర్వనామాలతో ‘కుం’ అంటే ‘తో’ మాత్రం వెనక్కి వస్తుంది: మేకుం నాతో, తేకుం నీతో. ఊళ్ల పేర్లకు అవ్యయమే అక్కర్లేదు, రోమై రోమ్‌లో, రోమం రోమ్‌కి, రోమా రోమ్ నుంచి.

ప్ర: చర్చిలో పాడేటప్పుడు ‘చేలుం’ అంటాం. వీడియోల్లో ‘కైలుం’ అంటున్నారు. ఏది సరైనది? అచ్చుల పైన గీతలు అవసరమా?
(సెమినరీ విద్యార్థి, ఏలూరు)

జ: రెండూ సరైనవే బ్రదర్, కాలాలు వేరు. సీజర్ కాలంలో ఆకాశం కైలుం, ఆయన పేరు కైసర్. తర్వాతి శతాబ్దాల్లో ఇటలీలో ఉచ్చారణ మారి చర్చిలో ‘చేలుం’ రూపం స్థిరపడింది. ఆరాధనలో చర్చి పద్ధతి, ప్రాచీన రచనలు చదివేటప్పుడు ప్రాచీన పద్ధతి పెట్టుకోండి, ఒకే పేజీలో కలపకండి.

గీతల సంగతికొస్తే, ఇవి చాలా అవసరం, తెలుగువాళ్లకు దేవుడిచ్చిన సౌకర్యం కూడా ఇక్కడే ఉంది. లాటిన్‌లో ప్రతి అచ్చుకూ హ్రస్వం, దీర్ఘం ఉన్నాయి, రోమన్ లిపి ఆ తేడా చూపించదు, అందుకే నేర్చుకునేవాళ్ల పుస్తకాల్లో దీర్ఘం మీద గీత పెడతారు. మన లిపిలో ఎ, ఏ, ఒ, ఓ విడిగా ఉన్నాయి, దేవనాగరిలో హిందీ, సంస్కృతం రాసే పద్ధతిలో అవి కూడా ఉండవు. ఆ తేడాతో అర్థం ఎంత మారుతుందో చూడండి. ‘వెనిత్’ వస్తున్నాడు, ‘వేనిత్’ వచ్చాడు. ‘పుఎల్ల’ అమ్మాయి, కర్త, ‘పుఎల్లా’ అబ్లేటివ్. క్రీ.పూ. 47లో ఇప్పటి టర్కీలోని జేలా దగ్గర గెలిచాక సీజర్ అన్నాడని చెప్పుకునే మూడు మాటల్ని రోమన్ ఉచ్చారణలో రాస్తే ‘వేనీ, వీదీ, వీకీ’. వచ్చాను, చూశాను, గెలిచాను. నేను అనే మాట అక్కడా లేదు, ఇక్కడా లేదు, పురుష క్రియ చివర్లోనే ఉంది. మీ నోటుపుస్తకంలో కొత్త మాటల్ని తెలుగు లిపిలో కూడా రాసుకోండి, గీతలు వాటంతటవే గుర్తుంటాయి.

ప్ర: ‘వచ్చాడు’, ‘వచ్చింది’ తేడా లాటిన్ క్రియలో ఎక్కడ కనిపిస్తుంది?
(టీచర్, ఖమ్మం)

జ: మామూలుగా కనిపించదు, వేనిత్ రెండింటికీ సరిపోతుంది. కర్మణి ప్రయోగంలో భూతకాలానికి వస్తే మాత్రం బయటపడుతుంది: ‘లౌదాతుస్ ఎస్త్’ అతన్ని మెచ్చుకున్నారు, ‘లౌదాత ఎస్త్’ ఆమెను మెచ్చుకున్నారు. అక్కడ పార్టిసిపుల్ ఉంది కదా, అది విశేషణంలా లింగం కలుపుతుంది.

ప్ర: వాక్యాన్ని ప్రశ్నగా మార్చడం ఎలా?
(తొమ్మిదో తరగతి విద్యార్థి, నెల్లూరు)

జ: మనం ‘వచ్చాడు’కి దీర్ఘం తగిలించి ‘వచ్చాడా?’ అంటాం. వాళ్లు మొదటి మాటకు ‘నె’ తగిలిస్తారు: వేనిత్, వేనిత్‌నె? అవుననే జవాబు ఆశిస్తే ‘నోన్నె’తో, కాదనే జవాబు ఆశిస్తే ‘నుం’తో మొదలుపెడతారు.

ప్ర: నేను సొంతంగా రాసిన నాలుగు వాక్యాలు పంపుతున్నాను, దిద్దండి. 1. పతెర్ మెఉస్ మెదికుం ఎస్త్ (మా నాన్న డాక్టరు). 2. కుం కుల్త్రో పానెం సెకత్ (కత్తితో రొట్టె కోస్తున్నాడు). 3. మిహి దుఒ ఫ్రాత్రేస్ సుంత్ (నాకు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు). 4. క్రాస్ వెనిత్ (రేపు వస్తాడు).
(రిటైర్డ్ ఉద్యోగి, విశాఖపట్నం)

జ: సార్, సొంతంగా రాయడం మొదలుపెట్టారంటే సగం దారి వచ్చేశారు. మొదటి దాంట్లో ‘మెదికుస్’ ఉండాలి. ఉండు అనే క్రియకు కర్మ లేదు, నాన్న ప్రథమలో ఉంటే డాక్టరూ ప్రథమలోనే ఉంటాడు. తెలుగులో ఈ వాక్యానికి క్రియే లేదు కాబట్టి, లాటిన్‌లో ‘ఎస్త్’ చూడగానే కర్మ కావాలేమో అనిపించడం సహజం.

రెండో దాంట్లో ‘కుం’ తీసేయండి. మనకు కత్తితో కోశాడు, స్నేహితుడితో వచ్చాడు రెండూ ‘తో’నే. లాటిన్‌లో తోడుగా వచ్చిన మనిషికి ‘కుం’ కావాలి, ‘కుం అమీకో వేనిత్’, చేతిలో ఉన్న పనిముట్టుకు ఒట్టి అబ్లేటివ్ చాలు. కుం కుల్త్రో అని ఉంచితే కత్తి కూడా తోడు వచ్చినట్టు అవుతుంది.

నాలుగో దాంట్లో ‘వెనిఎత్’ రాయాలి. మన ‘వస్తాడు’ రోజూ వస్తాడు అనడానికీ రేపు వస్తాడు అనడానికీ ఒకటే, లాటిన్‌లో రోజూ అయితే వెనిత్, రేపు అయితే భవిష్యత్తు రూపం వేరే ఉంది.

మూడోది పూర్తిగా ఒప్పు. ఇంగ్లీషు మీదుగా ఆలోచించి ఉంటే కలిగి ఉన్నాను అని ‘హబెఓ’ వెతుక్కునేవారు, అదీ తప్పు కాదు. మీరు ‘నాకు ఉన్నారు’ అని తెలుగులో అనుకుని డేటివ్ పెట్టారు, రోమన్లూ అలాగే అనేవాళ్లు. దాన్ని అలాగే ఉంచండి.